పోసే నీళ్ల లెక్క సరే, పోయే నీళ్ల లెక్క?

ప్రశ్న: మాది ఒంగోలు. మేడ మీద 22 కుండీలు పెట్టుకున్నాను. గులాబీలు, మందారాలు, మల్లె, కరివేపాకు, తులసి ఉన్నాయి. మే నెల ఎండలకు మొక్కలు వాడిపోతుంటే రెండు పూటలా నీళ్లు పోయడం మొదలుపెట్టాను, సెప్టెంబరు చివరికొచ్చినా అదే అలవాటు. పదిహేను రోజులకోసారి కుండీకి గుప్పెడు డీఏపీ ఎరువు వేస్తున్నాను. అయినా గులాబీ లేత ఆకులు పసుపు పచ్చగా వస్తున్నాయి, వాటి ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కరివేపాకు ఆకుల చివర్లు మాడుతున్నాయి. మందారం మొగ్గలు తెల్ల బూజు పట్టి రాలుతున్నాయి. మల్లె తడిమట్టిలో ఉండి కూడా తల వేలాడేసింది. మట్టి మీద ఉప్పులాంటి పొర కడుతోంది. మున్సిపల్ నీళ్లు రోజూ రావు కాబట్టి మొక్కలకు బోరు నీళ్లే. మా అత్తయ్య పుల్ల మజ్జిగ పొయ్యమంటారు. అడుగున కంకర వేయకపోవడం వల్లే ఇదంతా అని మా వారు అంటారు. ఫోన్లో చూస్తే కోడిగుడ్డు పెంకులు వేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?
ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ఎవరి మాటా వినకముందు మేడ మీదికి వెళ్లి ఆ మల్లె కుండీని పక్కకు ఒరిగించి అడుగు చూడండి. చిల్లు ఉందా? ఉంటే చిటికెన వేలు దూరేలా ఉందా, మట్టితో పూడిపోయిందా? అసలు చిల్లే లేకపోయినా నేను ఆశ్చర్యపోను. బజార్లో దొరికే ప్లాస్టిక్ కుండీల్లో చాలావాటికి అడుగున గుండ్రంగా గుర్తులు మాత్రమే ఉంటాయి. చిల్లు పొడుచుకోవడం కొన్నవాళ్ల పని. ఇనప చువ్వ కాల్చి గుచ్చితే ఇట్టే దిగుతుంది. 12 అంగుళాల కుండీకి నాలుగైదు చిల్లులు కావాలి. చిల్లులు ఉన్నా కుండీ నేలకు అంటుకుని కూర్చుంటే లేనట్టే లెక్క. మేడ మీది దుమ్మూ కారిన మట్టీ కలిసి కింద లప్పంలా పట్టేస్తాయి. కుండీ కింద రెండు మూడు ఇటుక ముక్కలు పెట్టండి. కుండీకి మంచిది, మీ శ్లాబుకూ మంచిది.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట "తడిమట్టిలో ఉండి కూడా" అన్నది. దాహమేసిన మొక్క తల వేలాడేస్తుంది, వేళ్లు కుళ్లిన మొక్కా తల వేలాడేస్తుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మట్టి పొడిగా ఉండి మొక్క వాడితే నీళ్లు కావాలని అర్థం. మట్టి తడిగా ఉండగా వాడిందంటే వేళ్లకు గాలి ఆడటం లేదు. ఊపిరాడక చచ్చిన వేరు నీళ్లు తాగలేదు. అది తెలియక మనం జాలిపడి ఇంకో చెంబుడు పోస్తాం. నెల్లూరులో మా వీధికి మల్లె మొక్కలు తెచ్చి అమ్మే ముసలామె ఒకసారి నా కుండీలు చూసి, "పొయ్యడం తెలుసు గానీ, అయ్యి యాడికి పోతుండాయో చూసుకోవా?" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది.

2023 డిసెంబరులో ఆ మాట నాకు బాగా అర్థమైంది. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకుముందు మన తీరమంతా వాన దంచింది. నా కుండీల కింద మేడ పాడవకుండా ప్లాస్టిక్ పళ్లేలు ఉండేవి. వాటిని తీయాలన్న ఆలోచనే రాలేదు. వాన నీళ్లు మొక్కలకు మంచివేగా అనుకున్నాను. వాన వెలిసిన పది రోజులకు మల్లె, దాని పక్కన రెండు గులాబీలు వాలిపోయాయి. కుండీ బోర్లిస్తే మురుగు కాలువ వాసన. వేరు పట్టుకుని మెల్లగా లాగితే గోధుమ రంగు తోలు ఊడి వచ్చింది, లోపల దారంలాంటిది మిగిలింది. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది.

మీ మల్లెనీ ఇలాగే తీసి చూడండి. సగం వేళ్లు తెల్లగా ఉన్నా బతుకుతుంది. కుళ్లినవి కత్తిరించేయండి, పైన కొమ్మలు కూడా మూడో వంతు తగ్గించండి. మిగిలిన వేళ్లు మోయగలిగినంత ఆకే ఉండాలి. కొత్త మట్టిలో పెట్టి, ఒకసారి నీళ్లు పోసి, రెండు వారాలు నీడలో ఉంచండి. కొత్త చిగురు కనబడేదాకా ఎరువు ఊసెత్తకండి. వేళ్లన్నీ గోధుమ రంగుకు వచ్చి ఉంటే ఆశ వదులుకుని కొత్త మొక్క తెచ్చుకోవడమే.

ఇక మీ వారి కంకర. ఇది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న నమ్మకం, నేనూ మా నాన్న దగ్గర నేర్చుకుని చాలా ఏళ్లు పాటించాను. కానీ పనిచేయదు. గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి నిండా తడిపి అరచేతి మీద పడుకోబెట్టండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా నిలబెట్టండి, మళ్లీ కారుతుంది. మారింది ఎత్తు ఒక్కటే. కుండీలో మట్టి కూడా స్పాంజిలాంటిదే. ఎంత కారినా అడుగున కొంత మట్టి నీళ్లు పట్టుకుని ముద్దగా మిగిలిపోతుంది. కింద కంకర వేస్తే ఆ ముద్ద కంకర మీద కూర్చుంటుంది గానీ కిందికి దిగదు. సన్నమట్టి పట్టుకున్న నీటిని కంకర సందులు లాక్కోలేవు. మూడంగుళాల కంకర వేశారంటే కుండీని మూడంగుళాలు పొట్టి చేసుకున్నట్టే, తడి ముద్ద వేళ్లకు అంత దగ్గరైనట్టే. మట్టి జారకుండా చిల్లు మీద పగిలిన కుండ పెంకు ముక్క ఒకటి బోర్లా పెడితే చాలు. మీ వారితో వాదన పెట్టుకోకండి, స్పాంజి చేతికివ్వండి.

మట్టి ఏం వాడారో మీరు రాయలేదు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ కాబట్టి అదే అయి ఉంటుందనుకుంటున్నాను. శనగకూ పొగాకుకూ అది బంగారమే, కుండీలో మాత్రం రెండు రకాలుగా ఏడిపిస్తుంది. తడిస్తే బంక. ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడను వదిలేస్తుంది. అప్పుడు పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి రెండు క్షణాల్లో కింద కనబడతాయి. నీళ్లు బాగా దిగుతున్నాయని మనం సంతోషిస్తాం, నడిమి మట్టిగడ్డ మాత్రం రాయిలా ఎండి ఉంటుంది. నర్సరీ మొక్క వేళ్ల చుట్టూ ఉండే బంకమట్టి ముద్దదీ ఇదే కథ. అలాంటి కుండీ కనబడితే పైనుంచి పోయకండి. టబ్బులో నాలుగంగుళాల నీళ్లు పెట్టి కుండీని అరగంట అందులో నిలబెట్టండి, కిందినుంచి పీల్చుకుంటుంది. తరవాత బయటికి తీసి నీళ్లు కారిపోనివ్వండి. కొత్త మొక్క నాటేటప్పుడు ఆ ముద్దను నీళ్లలో నానబెట్టి, వేళ్లు తెగకుండా పై మట్టి కాస్త వదిలించి నాటండి.

కొత్త మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఏటి ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు. ఎరువు దొరక్కపోతే వర్మీకంపోస్టు. ఇసుక గుండ్లకమ్మదైనా ఏ వాగుదైనా పరవాలేదు, కొత్తపట్నం సముద్రపు ఒడ్డుది మాత్రం వద్దు. నాకు తెలిసిన ఒకాయన స్కూటర్ మీద రెండు సంచులు తెచ్చుకుని వారంలో ఎనిమిది మొక్కలకు ఉప్పు పెట్టాడు. పశువుల ఎరువంటే నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా మాగినది. ఒంగోలు గిత్త పేడైనా పచ్చిది పచ్చిదే, వేళ్లు మాడ్చేస్తుంది.

ఇప్పుడు నీళ్లు. మే నెల లెక్క మే నెలకే. రోహిణి కార్తెలో పడమటి వడగాలి కొడుతుంటే చిన్న కుండీలకు రెండు పూటలా పోయాల్సిందే. సెప్టెంబరు చివర కూడా అలాగే పోస్తుంటే మట్టికి ఆరే తీరిక ఎక్కడుంది? గడియారం చూసి నీళ్లు పోయడం మానేయండి. పొద్దున్నే చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. వేలికి తడిమట్టి అంటుకుంటే ఆ రోజు ఆ కుండీ జోలికి వెళ్లకండి. పొడిగా వస్తే పోయండి. పోసేటప్పుడు పిసినారితనం వద్దు, కింద చిల్లులోంచి ధారగా కారేదాకా పోయాలి. 22 కుండీలకు వేలు గుచ్చే ఓపిక లేకపోతే అంచు పట్టుకుని కాస్త ఎత్తి చూడండి. నీళ్లు పోసిన వెంటనే ఎంత బరువుందో, పొడిగా ఉన్నప్పుడు ఎంతుందో వారం రోజుల్లో మీ చేతికే తెలిసిపోతుంది. కొన్నింటికి రోజు మార్చి రోజు సరిపోతుంది, కొన్నింటికి మూడు రోజులకోసారి. అన్నింటికీ ఒకే లెక్క ఉండదు.

మిట్ట మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారు పడకండి. తాగేదానికన్నా ఆవిరయ్యేది ఎక్కువై అలా ముడుచుకుంటాయి, పొద్దు వాలాక అవే లేస్తాయి. తెల్లారి కూడా వాలి ఉంటే అప్పుడు టెన్షన్ పడొచ్చు. ఇంకోటి, ఎండలో పడి ఉన్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేలా ఉంటాయి. వాటిని బకెట్లోకి వదిలేసి, చల్లబడ్డాకే పైపు మొక్క వైపు తిప్పండి.

ఆ తెల్ల పొర దగ్గరికి వద్దాం, కరివేపాకు చివర్లు మాడటానికి కారణం అక్కడే ఉంది. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు, కుండీలో నీరు ఆవిరయ్యేకొద్దీ బోరు నీళ్లలోని ఉప్పు, సున్నం మట్టిలో మిగిలిపోతాయి. మొక్క నీళ్లు తాగుతుంది, ఉప్పును చాలావరకు వదిలేస్తుంది. పొద్దున చెంబుడు, సాయంత్రం చెంబుడు పోస్తే అది కిందికి కొట్టుకుపోయే దారి లేదు. దాని మీద డీఏపీ. అదీ ఒక రకం ఉప్పే కదా. గుప్పెడంటే 40, 50 గ్రాములకు తక్కువ ఉండదు. ఎకరం పొలానికి బస్తా లెక్కన వేసే సరుకు అది, మనం దాన్ని బకెట్టెడు మట్టిలో నెలకు రెండుసార్లు వేస్తున్నాం! పైగా డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి గానీ పూలకు కావాల్సిన పొటాష్ చుక్క కూడా ఉండదు.

కాబట్టి కుండీలు కడగాలి. 12 అంగుళాల కుండీలో సుమారు 15 లీటర్ల మట్టి పడుతుంది. దానికి రెట్టింపు, అంటే రెండు పెద్ద బకెట్ల నీళ్లు మెల్లగా, ఆగి ఆగి గంటసేపట్లో పోయండి. ముందు పై తెల్ల పొరను అరంగుళం మట్టితో సహా గీకి పారేయండి. దీనికి మాత్రం బోరు నీళ్లు కాకుండా మున్సిపల్ నీళ్లు, అంటే సాగర్ కాలువ నీళ్లు వచ్చిన రోజు పట్టుకుని వాడండి. రోజుకు నాలుగు కుండీల చొప్పున చేస్తే వారంలో అయిపోతుంది. చిల్లులు సరిచేశాకే సుమా, లేకపోతే కుండీ చెరువవుతుంది. తాగునీటి ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోసేవాళ్లున్నారు. బోరులో ఉన్న ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. దాంతో బాత్రూం కడుక్కోవచ్చు.

గులాబీ ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉందని మీరే రాశారు, చాలా బాగా గమనించారు. అది ఇనుము లోపం. అలాగని మట్టిలో ఇనుము లేదని కాదు. బోరు నీళ్ల సున్నంతో మట్టి క్షారమై, డీఏపీ భాస్వరం ఎక్కువై, ఉన్న ఇనుము వేరుకు అందకుండా పోయింది. సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కితే మన రైతులు అన్నభేది (ఇనుము ఉన్న లవణం, ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ చేస్తారు, అదే మందు ఇక్కడా. వాళ్లు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలుపుతారు. మేడ మీది కుండీలకు అందులో సగం మోతాదు చాలు. అప్పటికప్పుడు కలిపి, చల్లటి సాయంత్రం లేత ఆకులు తడిసేలా కొట్టండి. వారం తరవాత ఇంకోసారి. బట్టల మీద పడితే తుప్పు మరక పోదు, పాత చీర కట్టుకుని చేయండి. పసుపెక్కిన ఆకు మళ్లీ పూర్తిగా పచ్చబడకపోవచ్చు, తరవాత వచ్చే చిగురును చూడండి.

అత్తయ్య గారి మజ్జిగలో తప్పేమీ లేదు. కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోయని ఇల్లు మన వైపు ఉందా? గ్లాసుకు పది గ్లాసుల నీళ్లు కలిపి, ఉప్పు వేయనిది, నెలకోసారి పోస్తే మొక్కకు నష్టం లేదు. అత్తయ్య సంతోషిస్తారు. దాన్నే మందు అనుకోకండి, చిక్కగా పోస్తే చీమలు వస్తాయి. కోడిగుడ్డు పెంకులు మాత్రం నేను వద్దనే అంటాను. అవి సున్నమే. మీ మట్టిలో ఇప్పటికే సున్నం ఎక్కువై కదా ఈ గొడవంతా.

మందారం మొగ్గల మీద బూజు కాదు, అది పిండినల్లి అనే పురుగు. నత్రజని ఎక్కువై మెత్తగా పెరిగిన చిగురంటే దానికి ప్రాణం. పైపు నోటికి వేలు అడ్డంపెట్టి గట్టి ధారతో కడిగేయండి. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి మూడు వారాలు కొట్టండి. చీమల బారు కనబడితే దాన్నీ ఆపాలి, పిండినల్లిని మోసుకొచ్చి కాపలా కాసేవి అవే.

కుండీలు కడిగాక మూడు వారాలు ఏ ఎరువూ వద్దు. చిగురు మొదలయ్యాక నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు పై మట్టిలో కలపండి. గులాబీ, మందారాలకు 19:19:19 అని, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు దొరుకుతుంది. తలగొట్టిన టీ స్పూను మూడు లీటర్ల నీళ్లలో కలిపి, పదిహేను రోజులకోసారి, తడిగా ఉన్న మట్టిలోనే పోయండి. పొడిమట్టిలో పోస్తే వేళ్లు మాడతాయి. మీకు రసాయన ఎరువు ఇష్టం లేకపోతే మనకు వేరుశనగ చెక్క ఉండనే ఉంది. గానుగ దగ్గర తెచ్చిన చెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పది రెట్లు నీళ్లు కలిపి కుండీకి అరలీటరు పోయండి. కంపు మాత్రం భరించాలి. పక్కింటి వాళ్లు మేడ మీద వడియాలు పెట్టే రోజు చూసుకోండి. చెక్క ముక్కల్ని నేరుగా మట్టిలో పెట్టొద్దు, బూజు పట్టి పురుగు చేరుతుంది. రెండూ కలిపి వేయొద్దు, ఏదో ఒకటి. మొక్క వాడిపోయి ఉన్నప్పుడు అసలేదీ వద్దు. జ్వరంతో ఉన్నవాడికి బిర్యానీ పెట్టం కదా.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు. నెల్లూరు జిల్లాకైతే ఏడాది వానలో ఎక్కువ భాగం అప్పుడే పడుతుంది. మంచి వాన పడిన రోజు ఉప్పు దానంతటదే కొట్టుకుపోతుంది, మీ రెండు బకెట్ల కష్టం తప్పుతుంది. దాంతోపాటు ఎరువూ పోతుంది కాబట్టి తుపాను కబురు వినబడితే ఎరువు వేయకండి, వాన వెలిసి మట్టి ఆరాక వేయండి. తుపాను ముందురోజు సాయంత్రం పళ్లేలు తీసేసి, చిన్న కుండీల్ని గోడవారగా పక్కకు ఒరిగించి పెట్టండి. వర్షం రెండు రోజులకు మించి పట్టుకుంటే అలా ఒరిగిన కుండీలే బతుకుతాయి.

తులసి గురించి మీరేమీ ఫిర్యాదు చేయలేదు, బాగానే ఉందనుకుంటాను. దానికి మీరు రెండు పూటలా పోసేది కాక పూజ చెంబుడు కూడా పడుతూ ఉంటుంది. కార్తీకంలో వాన పడుతున్న రోజు చెంబు బదులు ఉద్ధరిణెడు పోయండి, తులసమ్మ ఏమీ అనుకోదు. దీపం మాత్రం మొదలుకు జానెడు దూరంలో పెట్టండి.